మాల తీసే రోజు

చెక్‌పోస్టు దగ్గర తాగొచ్చినవాళ్ళని పట్టుకోవడానికి ఊదే మిషను పెట్టిన ఏడాది అది. కొండ మీది గనికి వెళ్ళే షిఫ్టు బస్సు అక్కడ ఆగేది. ఆపరేటర్లు ఒక్కొక్కరే దిగి, గార్డు పట్టుకున్న గొట్టంలోకి గాలి ఊది, మళ్ళీ బస్సెక్కాలి. మా ఆయన పైడిరాజు రెండుసార్లు దొరికిపోయాడు. మూడోసారి దొరికితే డంపర్ దిగాల్సిందేనని, ఆ పైన ఉద్యోగం సంగతి కూడా చెప్పలేమని ఆఫీసులో పిలిచి చెప్పారు.

ఉద్యోగం పోతుందన్నది నాకు రెండో భయం. మొదటి భయం ఆ డంపరే. ఇల్లంత బండి. కొండ నెత్తిన ఇనుపరాయి నింపుకుని, ఒక పక్క లోయ ఉన్న మట్టిరోడ్డు మీద క్రషర్ దాకా దిగాలి. బచేలిలో మా క్వార్టరు వంటింటి కిటికీలోంచి చూస్తే కొండ మీద ఆ రోడ్డు ఎర్రటి గీతలా కనిపించేది. మంచు లేని రోజుల్లో దాని మీద కదిలే బళ్ళు కూడా చీమల్లా కనిపించేవి. ఏ చీమలో ఆయన ఉన్నాడో తెలియక అన్నిటినీ చూస్తూ నిలబడేదాన్ని. పొయ్యి మీద పప్పు మాడిపోయేది.

కార్తీకం మొదట్లో మా అత్తగారు అప్పలనరసమ్మ చీపురుపల్లి దగ్గరి ఊరి నుంచి రైలెక్కి వచ్చింది. కొడుకు మొహం ఒక్కసారి చూసింది. ఇంకేమీ అడగలేదు. సంచిలోంచి రెండు నల్లపంచెలు తీసి మంచం మీద పెట్టింది.

“మాలేసీ,” అంది. “మాలున్నన్నాళ్ళూ నువ్వు ముట్టవు. ఏటేటా సూత్తన్నాను కదా.”

అది నిజమే. ఏడాది పొడుగునా తాగే మనిషి, అయ్యప్ప మాల మెడలో పడగానే చుక్క ముట్టేవాడు కాదు. ఆ మండలం రోజులు మా ఇల్లు ఇల్లులా ఉండేది. టౌన్‌షిప్‌లో ఇంకా ఎన్నో ఇళ్ళల్లో ఇదే కథ. ఆడవాళ్ళం కార్తీకం కోసం బడిపిల్లలు సెలవులకి చూసినట్టు చూసేవాళ్ళం. మాల తీసిన పూటే మళ్ళీ మొదలు. షిఫ్టు స్నేహితులు కోడినీ సీసానీ సిద్ధం చేసుకుని దారిలో కాచుకుని ఉండేవాళ్ళు. దీక్షకి వాళ్ళు పెట్టిన పేరు ‘ఓవర్‌హాల్’.

“మనోడు ఓవర్‌హాల్‌కెల్తన్నాడు వదినా,” అని మా గుమ్మంలోనే నవ్వేవాడు దాలినాయుడు. మా ఆయన డంపర్‌లోకి రాయి ఎత్తిపోసే షావెల్ అతనిదే. “బయటికొచ్చినాక సూడండి, కొత్త ఇంజినులాగ లాగీస్తాడు.”

కానీ ఆ ఏడు మునుపటిలా లేదు. వానాకాలం నుంచీ ఆయన పళ్ళు తోముకోకముందే తాగుతున్నాడు. సంతలో దొరికే ఇప్పసారా. మొదటి గుక్క లోపలికి పోయేదాకా గ్లాసు పట్టుకోలేని చేతులు. సెలవులన్నీ తాగుడుకే అయిపోయాయి. ఎందుకిలా అని అడిగితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

మాల వేసే తెల్లవారు చన్నీళ్ళు పోసుకుని, నల్లపంచె కట్టుకుని గుడిలో నిలబడ్డాడు. గురుస్వామి చక్రధరరావుగారు వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఇరవైసార్లకు పైగా అయ్యప్ప కొండకి వెళ్ళొచ్చిన మనిషి. ఆయన మాల వేస్తుంటే మా ఆయన తల వణికింది. తులసిపూసలు చెవికి తగులుకున్నాయి.

“చలి, స్వామీ,” అన్నారు గురుస్వామి వాటిని సర్దుతూ. “శరణం చెప్పుకోండి, వేడి పుడుతుంది.”

నేను ఆ వణుకును ఎరుగుదును. అది చలిది కాదు. కానీ మాల పడింది కదా, అంతా సర్దుకుంటుందని నేనూ అనుకున్నాను. ఆ క్షణం నుంచీ ఆయన నాకు కూడా స్వామే. అత్తగారు మాత్రం అలవాటు తప్పలేక “ఒరే స్వామీ” అనేది.

మూడో రోజు ఆదివారం. మా ఇంట్లో పూజ, భజన పెట్టుకున్నాం. పొద్దున నేను వంటింట్లో పొంగలి చేస్తుంటే ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ఆ చలిలో పంచె తడిసేలా చెమట.

“గోడ మీద ఎర్రదుమ్ము కారతంది. తుడవ్వేటి?” అన్నాడు.

గోడ తెల్లగా ఉంది. మొన్న దసరాకే సున్నం వేయించాం.

“ఎక్కడ స్వామీ?”

“అదిగో... కారతంది కదా.” వేలితో చూపించి, పంచె మీద ఏవో దులుపుకుంటూ వెళ్ళిపోయాడు. గరిటె పొంగలిలో వదిలేసి ఆయన వెనకే వెళ్ళాను. అప్పటికే హాల్లో స్వాములు నిండిపోయారు. డోలక్ మొదలైంది.

రెండో పాటలో ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాచి, పిడికిళ్ళు బిగించి, ఒళ్ళంతా ఊగిపోతూ. “స్వామి వచ్చాడు!” అన్నారెవరో. డోలక్ ఊపందుకుంది. అత్తగారు పరుగున వెళ్ళి కర్పూరం వెలిగించుకొచ్చింది. శరణుఘోషకి కిటికీ అద్దాలు అదిరాయి.

గురుస్వామి చేతులు జోడించి అడిగారు. “స్వామీ, పలకండి. ఏం ఆజ్ఞ?”

“ఎనక మనిషున్నాడు.”

“ఎవరి వెనక స్వామీ?”

“ఎనక సూడండ్రా! టైరు కింద మనిషున్నాడు! హారన్... హారన్ కొట్టండి!”

“స్వామియే శరణమయ్యప్ప!” అని అందరూ ఒక్కసారి అరిచారు. వెనక వరసలో ఒకాయన నా పక్కనుంచే గొంతెత్తి, “నా ప్రమోషన్ సంగతి చెప్పు స్వామీ,” అన్నాడు.

నేను ఆయన పాదం చూస్తున్నాను. కుడిపాదం. గచ్చు నేల మీద దాన్ని గట్టిగా నొక్కుతున్నాడు, ఎత్తి మళ్ళీ నొక్కుతున్నాడు. బొటనవేలు తెల్లబడిపోయింది. చాచిన చేతులు గుండ్రంగా తిరుగుతున్నాయి. అది పూనకం కాదు. ఆయన బండి నడుపుతున్నాడు. బండి ఆగడం లేదు.

ఆ హాల్లో సగం మంది డంపర్లు నడిపేవాళ్ళే. వాళ్ళకీ ఆ చేతులు తెలిసే ఉంటాయి. కానీ దేవుడు వచ్చాడని ఒకసారి అనేశాక కాదనేదెవరు?

నేను పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చాను. గోడకి అవతల పక్కింటి యేసుపాదం నిలబడి మా ఇంటి వైపే చూస్తున్నాడు. వర్క్‌షాపులో వెల్డరు. ఆదివారం ప్రార్థనకి తెల్లచొక్కా వేసుకుని బయల్దేరబోతూ ఆగిపోయాడు.

“వదినా, అది దేవుడు కాదు,” అన్నాడు గోడ మీదుగా మెల్లగా. “ఎన్నాళ్ళైంది మానేసి?”

“ఇది మూడో రోజు.”

“మా అన్నకీ ఇలాగే వచ్చింది. కిరండూల్లో.”

“మీ అన్నయ్యకి ఏమైంది?”

అతను జీపు తాళాల కోసం లోపలికి పరుగెత్తాడు.

లోపలికొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. అత్తగారు హారతి పళ్ళెంతో గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఏటీ? దేముడొచ్చిన మనిషిని ఆస్పత్రికి అట్టుకెల్తావా? మాల మీద సూది పొడిపిత్తావా? కళ్ళు పోతాయే, పారోతీ!”

నాకూ భయంగానే ఉంది, కళ్ళు పోతాయనే భయం. ఇంతలో ఆయన నిలువునా పడిపోయాడు. దవడ బిగుసుకుపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. డోలక్ ఆగిపోయింది. పాదాల వైపు పట్టుకుని జీపులోకి ఎత్తింది గురుస్వామే.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు భిలాయి వైపు ఆయన. ఇంజెక్షన్లు చేసి, సెలైన్ పెట్టించాక మా వైపు తిరిగారు. “అచానక్ బంద్ కియా? కిస్‌నే బోలా?” అన్నారు. ఒక్కసారిగా ఎవరు మానిపించారని.

“భగవాన్ నే,” అంది అత్తగారు. ఆవిడకి అంతమాత్రం హిందీ వచ్చు.

డాక్టరు నవ్వలేదు. రోజూ ఇంత తాగేవాడు మందుల సాయం లేకుండా ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుందన్నారు. ఆపాలి, కానీ ఆసుపత్రిలో ఉండి ఆపాలి అన్నారు. తర్వాత నన్నొక్కదాన్నీ తలుపు దగ్గరికి పిలిచి చెప్పారు. “ఈసారి బతుకుతాడు. మళ్ళీ తాగి, మళ్ళీ ఇలాగే ఆపితే, ఈమాత్రం టైము కూడా మాకు దొరక్కపోవచ్చు.”

మళ్ళీ తాగేది ఎప్పుడో నాకు తెలుసు. టౌన్‌షిప్‌లో అందరికీ తెలుసు. మాల తీసే రోజు.

నర్సు మాల కత్తిరించబోతే అత్తగారు కత్తెర పట్టుకుని వదల్లేదు. ఆ గొడవలోనే గంగేని మొదటిసారి చూశాను. ఆసుపత్రిలో కౌన్సెలర్. కోంట వైపు దొర్ల తెగ అమ్మాయి. జగదల్‌పూర్లో చదువుకుంది. నర్సుతో హల్బీలో, డాక్టరుతో హిందీలో, మాతో భద్రాచలం తెలుగులో మాట్లాడుతూ మధ్యకి వచ్చింది. డాక్టరుతో ఏదో చెప్పి, మాల తీయకుండా దాని మీద మెత్తటి గుడ్డ చుట్టించింది.

గురుస్వామి వరండాలో చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి ఉన్నారు. “మంచం మీద పడుకోకూడదు. మూడు పూటలా తినకూడదు. దీక్ష ఏమవుతుంది? నిష్ఠ ఉంటే ఇలా జరిగేదా?” అంటున్నారు.

“స్వామీ, మీరు రోజూ రావాలె,” అంది గంగే.

“నేనా?”

“మీరే. మందులు డాక్టరు ఇస్తడు. కానీ ఈ అన్న నా మాట వినాల్నంటే ముందు మీరు వినమని చెప్పాలె. తిట్టొద్దు, గంతే.”

“నేనేం తిట్టాను?”

“ఇప్పుడేంది మరి, దీవించిండ్రా?”

గురుస్వామి ఆ సాయంత్రం ఒక చాప చంకలో పెట్టుకుని వచ్చారు. దాన్ని ఆసుపత్రి పరుపు మీద పరిచి, పైన దుప్పటి వేయించి, “ఇప్పుడు ఇది చాపే,” అన్నారు. మూడు పూటల తిండికి భిక్ష అని పేరు పెట్టారు. నర్సు మాత్రలిస్తే తీర్థంలా కుడిచేతిలో పోయించారు.

నాలుగైదు రోజులకి మనిషి తేరుకున్నాడు. వారం దాటాక గంగే ఆయన్ని వెనక వరండాలో కూర్చోబెట్టింది. నన్నూ ఉండమంది. అక్కడినుంచి కొండ కనిపిస్తుంది. ఆయన దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అడిగినవాటికి ఆఁ, ఊఁ అంటున్నాడు.

“అన్నా, లోడు బండి కొండ మీంచి ఎట్ల దింపుతవు?” అంది గంగే. “నాకు తెల్వదు, చెప్పు.”

అప్పుడు తలెత్తాడు.

“బ్రేకు మీద కాలెయ్యకూడదు మేడమ్. బ్రేకులు కాలిపోతాయి. పైనే గేరు తగ్గించీసి రిటార్డర్ మీద వదిలీయాలి. అది బండిని పట్టుకుని మెల్లగా దింపుతాది. బండి కిందకి లాగుతాది. లాగనియ్యాలి. ఆ లాగుడు మనకి తెలుస్తాది, సీట్లో, నడుంలో. కంగారుపడి బ్రేకు తొక్కీసినోడే లోయలోకెల్తాడు.”

“ఎంతసేపు లాగుతది?”

“వాలున్నంతసేపు. వాలైపోతే అదే ఆగుతాది.”

“ఇప్పుడు తాగాలని ఉన్నదా?”

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. “ఉంది,” అన్నాడు.

“ఒంట్ల ఎక్కడ లాగుతున్నది?”

“ఎక్కడంటే...” చెయ్యి దానంతటదే మెడ దాకా వెళ్ళింది. “ఇక్కడ. దవడల కింద.”

“తొక్కకు. దాన్ని చూస్తా ఉండు. ఊపిరి పోతున్నది, వస్తున్నది, అది గూడ చూడు. నీ శరణం ఉన్నది గద, అది లోపల్నే అనుకో, ఊపిరితోని. వాలు ఎంతసేపుంటదో చూద్దాం.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆసుపత్రి వెనక పందులు చెత్తకుప్ప కెలుకుతున్నాయి. ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తిట్టుకుంటున్నారు. చాలాసేపటికి ఆయన భుజాలు కిందికి జారాయి.

“తగ్గింది,” అన్నాడు, నమ్మలేనట్టు. ఆ వెంటనే, “మళ్ళీ వస్తాది,” అన్నాడు.

“వస్తది. రానీ.” గంగే అప్పుడు అడిగింది. “పూజల ‘ఎనక మనిషున్నాడు’ అన్నవంట. ఎవరన్నా?”

నేను చెప్పాను ఆ మాట ఆ అమ్మాయికి. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది, ఆయన మొహం చూస్తే.

“హిడ్మా,” అన్నాడు చివరికి.

వానాకాలంలో ఒకరోజు. అప్పటికింకా మిషను పెట్టలేదు. పనికిరాని రాయి పారబోసే చోట రోడ్డు సాపు చేసే కూలి మనిషి హిడ్మా. జల్లు పడుతుంటే అన్నం తినడానికి డంపర్ వెనక చక్రం చాటున కూర్చున్నాడు. మా ఆయన తాగి ఉన్నాడు. హారన్ కొట్టకుండా బండి వెనక్కి తీశాడు. కేక వినపడి బ్రేకు తొక్కేశాడు. బండి ఆగింది.

“కిందకి దిగి చూశాను. ఆడు టైరు పక్కనుంచి లేచొచ్చాడు, గిన్నె చేతిలో పట్టుకుని. అన్నం ఒలకలేదు మేడమ్. నవ్వినాడు. బీడీ అడిగినాడు. అగ్గిపుల్ల గీస్తే నా చేతులొణికాయి, ఆడివి ఒణకలేదు. ఎవరూ చూణ్ణేదు. ఎవరికీ ఏటీ అవనేదు.” భుజం మీది నల్లకండువా కిందికి లాక్కున్నాడు. “ఆడు టైరు కింద అయిపోయినట్టే ఉంటాది నాకు. పొద్దున్న లెగ్గానే అయిపోయినట్టే ఉంటాది.”

నేను వంటింటి కిటికీలోంచి లోయను చూసి భయపడ్డాను ఇన్నేళ్ళూ. ఆయన భయపడుతున్నది వెనక చక్రానికి. ఒకే ఇంట్లో చెరో వైపు చూస్తూ ఉన్నాం. ఆయన కొంగు లాంటి ఆ నల్లకండువా అంచుని వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంటే దగ్గరికి వెళ్ళాలనిపించింది. దీక్షలో ఉన్న మనిషిని ముట్టుకోవడానికి లేదు. మంచినీళ్ళ సీసా ఆయన వైపు జరిపాను.

ఇంటికొచ్చాక రోజులు ఒక పద్ధతిలో పడ్డాయి. తెల్లవారి చన్నీళ్ళ స్నానం. నీళ్ళు ఒంటి మీద ఎక్కడెక్కడ తగులుతున్నాయో గమనించమంది గంగే. తర్వాత పూజ, మాత్రలు. వారానికి రెండు రోజులు ఆసుపత్రిలో మాటలు. గుడిలో గురుస్వామి కూడా ఒక కొత్త నియమం పెట్టారు. భజన అయ్యాక కాసేపు అందరూ కళ్ళు మూసుకుని, ఊపిరి చూసుకుంటూ ఊరికే కూర్చోవాలి. పాత స్వాములిద్దరు గురక పెట్టేవాళ్ళు. “నిద్రపోయినా ఫరవాలేదు, అబద్ధం చెప్పకుండా నిద్రపోండి,” అనేవారు గురుస్వామి.

అందరూ ఆయన బాగుపడ్డాడన్నారు. నా భయం మాత్రం పెరిగింది. ఆయన స్నానానికి వెళ్తే దిండు వాసన చూసేదాన్ని. విడిచిన పంచె వాసన చూసేదాన్ని. నీళ్ళ బిందె వెనక, బియ్యం డబ్బాలో, స్కూటరు డిక్కీలో చెయ్యి పెట్టి వెతికేదాన్ని. వీధిలోకి వెళ్ళి రెండు నిమిషాలు ఆలస్యమైతే చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చేసేదాన్ని.

ఒకరోజు ఆయన డాక్టరు దగ్గరుంటే గంగే నా పక్కన కూర్చుంది.

“అక్కా, రోజుకు ఎన్నిసార్లు వాసన చూస్తున్నవు?”

నాకు కోపం వచ్చింది. “నీకు పెళ్ళైందా?” అన్నాను.

“కాలే. మా నాయన తాగి చచ్చిపోయిండు. నేను గూడ వాసన చూసినదాన్నే.” ఆ అమ్మాయి నా చెయ్యి తీసుకుంది. “అన్నకు సారా ఎట్లనో నీకు ఆయన్ని కనిపెట్టుడు అట్లయింది. నువ్వు చూసినంత మాత్రాన తాగేటోడు ఆగడు అక్కా. ఒక్కసారి ఎనక్కి చూడకుండ నడిచి చూడు. భయం ఒంట్ల ఎక్కడుంటదో నీకు గూడ తెలుస్తది.”

నాకు అప్పటికే తెలుసు ఎక్కడుంటుందో. బొడ్డు కింద, ఐసుముక్కలా.

మండలం పూర్తి కావస్తుంటే అత్తగారు తిండి మానేసింది. అంత దూరం రైలు ప్రయాణం వద్దని డాక్టరు చెప్పడంతో, మా ఆయన నేతికొబ్బరికాయ గురుస్వామే తన ఇరుముడిలో పెట్టుకుని కొండకి తీసుకెళ్ళారు. తిరిగి రాగానే ఇక్కడే గుడిలో మాల తీయాలి. గురుస్వామి రైలు దిగిన రోజే అత్తగారు వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. నేనూ వెళ్ళాను. మా ఆయనా వచ్చాడు.

“బాబూ, మాల ఉంచీండి,” అంది. “ఉగాది దాకా. పోనీ మళ్ళీ కార్తీకం దాకా. మెడలో ఉంటే నా కొడుకు బతుకుతాడు.”

గురుస్వామి గడ్డం నిమురుకున్నారు. “నియమం అలా లేదమ్మా. కానీ ఉంచుకుంటే తప్పు అని కూడా...”

నా మనసు ఎగిరింది. ఉంచండి, ఉంచండి అని లోపల అరుస్తున్నాను.

“వద్దు స్వామీ,” అన్నాడు మా ఆయన.

“ఒరే స్వామీ, నోరుముయ్యి!”

“అమ్మా, మాల నన్ను ఆపుతాందనుకుంటే తీసిన రోజు ఏటవుద్దో నీకు తెల్దా? ఎన్నాళ్ళు ఉంచినా తీసేరోజొకటుంటాది.” గురుస్వామి వైపు తిరిగాడు. “తీసీండి. మందులున్నాయి. గంగే మేడముంది. మీరున్నారు. భయంగానే ఉంది. ఉండనీండి.”

మాల తల్లి చేత తీయించడం మా వాళ్ళ పద్ధతి. మర్నాడు గుడిలో అత్తగారు రెండు చేతులూ ఆ పూసల మీద వేసి అలాగే ఉండిపోయింది. గురుస్వామి మంత్రం చెప్పడం పూర్తయింది. ఆవిడ తీయదు. వెనక నిలబడ్డ స్వాములు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఆయన తల వంచి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చివరికి తనే, “అమ్మా, నానిక్కడే ఉన్నాను,” అన్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని మాల పైకి లాగేసింది. మెడ చుట్టూ చర్మం తెల్లగా చారలా కనిపించింది. కప్పుకోవడానికి ఏమీ లేనట్టనిపించింది నాకు.

గుడి నుంచి మా వీధికి వచ్చే దారిలో కల్వర్టు ఉంది. దాని మీద దాలినాయుడు, ఇంకిద్దరు షిఫ్టువాళ్ళు కూర్చుని ఉన్నారు. పక్కన ఆటో ఆగి ఉంది. సీట్లో కాళ్ళు కట్టిన నాటుకోడి.

“వచ్చీసినాడ్రా ఓవర్‌హాల్ నుంచి!” అని లేచాడు దాలినాయుడు. “రా రా రా! మెడ బోసిగుందేటి? దండేస్తాం రా.” చెడ్డవాడు కాదతను. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ మాకు పాలు తెచ్చి ఇచ్చాడు.

మా ఆయన ఆగాడు. దాలినాయుడి చెయ్యి భుజం మీద పడింది. నేనూ అత్తగారూ రెండడుగులు ముందున్నాం. అత్తగారు వెనక్కి తిరగబోయింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను.

“నడవండత్తయ్యా.”

“నీకేటి మతిపోయిందా? ఆళ్ళు...”

“నడవండి.”

నడిచాం. వెనక నవ్వులు. ఆయన గొంతు వినిపించింది, ఏమన్నాడో తెలియలేదు. తర్వాత అది కూడా లేదు. బొడ్డు కింది ఐసుముక్క కాళ్ళలోకి దిగింది. చీర కుచ్చెళ్ళు తన్నుకుంటున్నాయి. పోస్టాఫీసు మలుపు, రేషన్ దుకాణం, యేసుపాదం ఇల్లు. అతని భార్య గేటు దగ్గర నిలబడి ఏదో అడిగింది. నేను తల మాత్రం ఊపాను. ఆటో స్టార్టయిన చప్పుడు వినపడింది. ఏ వైపు వెళ్తోందో తెలుసుకోవాలంటే తిరిగి చూడాలి. చూడలేదు. ఆ రోజు నేను చేసిందల్లా అంతే.

ఇంటికొచ్చి స్టవ్ వెలిగించాను. బియ్యం కడిగాను. కిటికీ వైపు వెళ్ళకుండా ఎసరు పెట్టాను. అత్తగారు వీధిగుమ్మం పట్టుకుని నిలబడింది.

“వస్తున్నాడా?” అన్నాను.

ఆవిడ చాలాసేపటికి, “ఆటో వస్తంది,” అంది.

అందులోంచి అందరూ దిగారు. ఆయన ముందు, వాళ్ళు ముగ్గురూ వెనక. దాలినాయుడి చంకలో తువ్వాలు చుట్టిన పొడుగాటి పొట్లం. ఆయన తిన్నగా వంటింట్లోకి వచ్చాడు.

“ఆళ్ళకీ అన్నం పెట్టు పార్వతీ,” అన్నాడు. పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళైందో. “ఎందుకు తీసుకొచ్చావని అడక్కు. వచ్చేవారం అదే షిఫ్టు, అదే షావెల్ కింద నా బండి. ఆళ్ళని కల్వర్టు మీద వదిలీసి ఎక్కడికి పోతాను?”

“అది... తువ్వాల్లో...”

“ఆళ్ళది. నాది కాదని చెప్పాను.” మొహంలో రక్తం లేదు. చెయ్యి దవడ కిందికి వెళ్ళింది. “లేచింది. గట్టిగా లేచింది. ఇక్కడ కూకుంటాను. మాటాడకు.”

బియ్యం డబ్బా పక్కన, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కుడికాలి వేళ్ళు గచ్చును పట్టుకుని వదులుతున్నాయి.

వీధి అరుగు మీద వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. నేను ఆవకాయ, అప్పడాలు పట్టుకెళ్ళి పెట్టాను. ఆకుల్లో వేసేటప్పుడు అప్పడం ఒకటి విరిగి నేల మీద పడింది. “కంగారేటి వదినా,” అన్నాడు దాలినాయుడు. సీసా మూత తిరిగిన చప్పుడు. ఆ వాసన నా వెనకే వంటింటి దాకా వచ్చింది. ఆయన ముక్కుపుటాలు కదిలాయి.

“రాజూ, రావేటిరా?” అని కేకేశారు. “సల్లారిపోతంది!” అందరూ నవ్వారు.

ఆయన మోకాలు పైకి లేచింది. అరిచెయ్యి నేలకి ఆన్చాడు, లేచేవాళ్ళు ఆన్చినట్టు. అత్తగారు వంటింటి గుమ్మంలో పైట నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను ఆయనకీ గుమ్మానికీ మధ్య నిలబడలేదు. బారెడు దూరంలో స్టవ్ పక్కన నిలబడి, ఆయన ఊపిరి వింటున్నాను. పోతోంది. వస్తోంది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోతోంది. అప్పుడు నాదీ ఆగిపోతోంది.

బయట మళ్ళీ పిలిచారు. ఆయన పలకలేదు. ఎంతసేపు అలా ఉన్నామో.

“పార్వతీ,” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

“ఏంటి?”

“అన్నం పొంగుతాంది. మంట తగ్గించు.”

చూస్తే గంజి గిన్నె అంచులు దాటి స్టవ్ మీదికి కారుతోంది. పక్కనే నిలబడి నేను చూడనే లేదు. మంట తగ్గించాను. మూత తీసి పక్కన పెట్టాను. బయట గ్లాసుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన అరిచెయ్యి ఇంకా నేల మీదే ఉంది.